జుత్తు రాల్చని కుక్క

కుక్క మొరగడానికి ఈ దేశంలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. కరవడానికి కూడా చాలావరకు అక్కర్లేదు. జుత్తు రాల్చడానికి మాత్రం నిబంధన ఒప్పుకోవాలి.

ఎనభైల మొదట్లో, స్టీలు ప్లాంటు పునాదులు లేస్తున్న రోజుల్లో, గాజువాక దాపున ఒక కంపెనీ తన ఉద్యోగులకు క్వార్టర్లు కట్టింది. క్వార్టర్లతో పాటు ఎస్టేటు ఆఫీసు, ఎస్టేటు ఆఫీసుతో పాటు నిబంధనలు పుట్టాయి. (గోడలకు సిమెంటు తక్కువైంది గాని, నిబంధనలకు కాగితం ఎన్నడూ తక్కువ కాలేదు.) వాటిలో పెంపుడు జంతువుల నిబంధన ఒకటి. పొడుగు జుత్తు కుక్కలు జుత్తు రాలుస్తాయి కనుక క్వార్టర్లలో ఉంచరాదు. పొట్టి జుత్తు కుక్కలు రాల్చవు కనుక ఉంచవచ్చు. రాసినాయన కుక్కను పెంచి ఉండడు. పెంచేవాళ్లకు నిబంధనలు రాసే తీరిక ఉండదు, బట్టలు దులుపుకోవడంతోనే సరిపోతుంది.

రత్నమణి ఆ కంపెనీ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. భర్త దేవకుమార్ పోర్టులో క్రేను నడుపుతాడు. తను రాత్రి షిఫ్టుకు పోతే ఆవిడకు తోడుంటుందని పొట్టి జుత్తున్న గోధుమరంగు కుక్కపిల్లను తెచ్చి డ్యూక్ అని పేరు పెట్టాడు. నిబంధన చదివే తెచ్చాడు. డ్యూక్ చదవలేదు.

ఏడాది తిరిగేసరికి అది జుత్తు రాల్చడం మొదలుపెట్టింది. పొడుగు జుత్తయితే ఉండలు కట్టి మూలకు చేరుతుంది, ఊడ్చి పారేయొచ్చు. పొట్టి జుత్తు అలా కాదు, సూదిలా బట్టలో దిగబడుతుంది. చర్చికి కట్టుకునే తెల్లచీరలో అదే, పరుపులో అదే, చివరికి చేపల పులుసులోనూ అదే. రత్నమణి మొదట పేల దువ్వెన పట్టింది. జుత్తు పళ్ల మధ్య నుంచి జారిపోయింది, డ్యూక్‌కి మాత్రం మంచి నిద్ర పట్టింది. బూట్ల బ్రష్‌తో రుద్దితే కుక్క తళతళ మెరిసింది గాని రాలడం ఆగలేదు. కొబ్బరి పీచు చూడగానే డ్యూక్ మంచం కిందికి దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు.

చివరికి దేవకుమార్, రేవులో ఆగిన ఒక ఓడలో వంటవాడిని బతిమాలి ఒక రబ్బరు బ్రష్ సంపాదించాడు. పట్టీతో అరచేతికి తగిలించుకోవాలి. దాని నిండా మెత్తని రబ్బరు మొనలు. గుండ్రంగా రుద్దితే చచ్చిన జుత్తంతా పైకి లేచి రబ్బరుకు అంటుకుంటుంది. రోజూ ఉదయం వరండాలో రత్నమణి బ్రష్ తగిలించుకోగానే డ్యూక్ వచ్చి మెడ చాచి కళ్లు మూసుకునేది. గిన్నెడు జుత్తు వచ్చేది. ఇల్లు శుభ్రపడింది.

చిక్కు అప్పుడే వచ్చింది. అంతవరకు ఆ జుత్తు కాలనీ అందరికీ సమానంగా పంపిణీ అవుతూ ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు ఒకేచోట కుప్పగా కనబడింది. ఎస్టేటు ఆఫీసు ప్యూను పోలిరాజు మెట్ల మీద ఆగి గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇదేటమ్మా, ఇంత జుత్తు? నానైతే సూడనట్టు ఎల్లిపోతాను గానీ, కిందింటి అయ్యగారు సూసేసారు."

కిందింటి అయ్యగారంటే ఎస్టేటు ఆఫీసు హెడ్ క్లర్కు శ్రీరామ్మూర్తి. మర్నాడే నోటీసు వచ్చింది. సదరు కుక్క జుత్తు రాల్చింది కనుక, నిబంధన ప్రకారం అది పొడుగు జుత్తు కుక్క. కనుక దాన్ని పంపివేయవలెను. కావాలంటే స్కేలు పెట్టి కొలుచుకోండని దేవకుమార్ అన్నాడు. రాలడమే కొలత అని జవాబు వచ్చింది.

"పెందుర్తిలో మీ సెల్లికి ఇచ్చేద్దామేటి?" అని అడిగాడు దేవకుమార్. "ఆదివారం ఆదివారం ఎల్లి సూసొద్దాం."

రత్నమణి నోటీసు మీద విచారణ జరపమని ఎస్టేటు ఆఫీసులో అర్జీ పెట్టింది. విచారణ రోజు పొద్దున డ్యూక్‌ని మామూలు కంటే ఎక్కువసేపు రుద్దింది. దాని చెవుల వెనక ఇక జుత్తు రావడం లేదని తెలిసి కూడా రుద్దుతూనే ఉంది. తర్వాత చేతులు కడుక్కుని ఎస్టేటు ఆఫీసుకు వెళ్లింది.

"అది రాలిన జుత్తు కాదండీ, నేను తీసిన జుత్తు" అంది. "రాలింది ఒక్కటి చూపించండి."

శ్రీరామ్మూర్తి చెడ్డవాడు కాడు. సరైన మాట వింటే ఒప్పుకుంటాడు, అది వ్యాకరణానికి సంబంధించినదైతే మరీను. టీ తాగి, ఆలోచించి, తీర్పు రాశాడు. తీసిన జుత్తు రాలినట్టు కాదు, కనుక కుక్క నిర్దోషి. అయితే జుత్తు తీయడం క్షౌరం, క్షౌరం వృత్తి, నివాస గృహాల్లో వృత్తులు నిషిద్ధం. కనుక బ్రష్ స్వాధీనం చేసుకోవడమైనది. పోలిరాజు దాన్ని ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు.

కుక్క మిగిలినందుకు రత్నమణి ఇంటికొచ్చి ఏడ్చింది. ఆ చీర చెంగు నిండా జుత్తే.

బ్రష్ పోయాక డ్యూక్ తన దారి తను చూసుకుంది. మెట్ల గోడకు, నీళ్ల కుళాయికి, ఆఫీసు నుంచి వచ్చే శ్రీరామ్మూర్తి కాళ్లకు ఒళ్లు రుద్దుకోసాగింది. ఆయన కాళ్లంటే దానికి ప్రత్యేకమైన ఇష్టం. ఆయన ఫిర్యాదు చేయలేకపోయాడు. జుత్తు రాలలేదని రాసి సంతకం పెట్టింది ఆయనే.

ఇలా ఉండగా జనరల్ మేనేజరు క్వార్టర్ల తనిఖీకి వచ్చాడు. శ్రీరామ్మూర్తి తన పెళ్లినాటి నల్లకోటు వేసుకుని ఎదురెళ్లాడు. డ్యూక్ ఆ కోటును సాదరంగా ఆహ్వానించింది. కోటు గోధుమరంగులోకి మారడం చూసి, ఏమిటండీ ఇవి అని మేనేజరు అడిగాడు. కుక్క జుత్తంటే తీర్పు తప్పు. తీర్పు తప్పంటే నిబంధన తప్పు. మెట్ల మీద నిలబడ్డ రత్నమణి డ్యూక్‌ని వెనక్కి లాక్కుంది.

"నా జుత్తేనండి" అన్నాడు శ్రీరామ్మూర్తి. "ఈమధ్య బాగా రాలుతోంది."

మేనేజరు ఆయన తల వంక చూశాడు. అక్కడ రాలడానికి ఏమీ మిగల్లేదు. దయగల మనిషి కావడంతో, పాపం ఇంత త్వరగానా అని నొచ్చుకుని, వెంటనే డిస్పెన్సరీకి రాశాడు. డాక్టరు (జనరల్ మేనేజరు పంపిన జబ్బును లేదనే అలవాటు ఆయనకు లేదు) తలకు మెత్తని బ్రష్‌తో మర్దనా రాశాడు. అలాంటి వస్తువు స్టాకులో ఉందా అని వెతికితే బీరువాలో ఒకటి ఉంది. శ్రీరామ్మూర్తి పేరున మంజూరైంది.

ఆ సాయంత్రం ఆయన బ్రష్ పట్టుకుని మెట్లెక్కాడు. ఇది తన వైద్యం కోసం ఇచ్చారనీ, వైద్యం వృత్తి కిందికి రాదనీ, తన వరండాలో వాడుకోవడానికి అభ్యంతరం లేదనీ వివరించాడు. తర్వాత గుమ్మంలోంచి లోపలికి తొంగిచూశాడు.

"కుక్కని ఓసారి కిందికి పంపుతారా అమ్మా?"

రత్నమణి తనే వెంట వెళ్లింది. ఆయన ఫైలు దుమ్ము దులిపినట్టు రుద్దుతుంటే, గట్టిగా వద్దండీ, గుండ్రంగా రుద్దండి అని చూపించింది. డ్యూక్ కళ్లు మూసుకుని గడ్డం ఆయన మోకాలి మీద పెట్టింది. దరఖాస్తు లేకుండా ఎవరైనా తన దగ్గరికి రావడం శ్రీరామ్మూర్తికి కొత్త. చీకటి పడేదాకా రుద్దుతూ కూర్చున్నాడు.

ఆయన రిటైరయ్యేదాకా ఆ వైద్యం సాగింది. నిబంధన మారలేదు. కంపెనీ రికార్డుల ప్రకారం డ్యూక్ ఒక్క వెంట్రుకైనా రాల్చలేదు. రోజూ గిన్నెడు గోధుమరంగు జుత్తు రాలింది శ్రీరామ్మూర్తి గారికే.