మూత ఉన్న జేబు

ఇందుమూలంగా పురజనులందరికీ తెలియజేయడమేమనగా, మన పోలీసులు ఇకమీదట ఏదీ దాచరు. ఒక్కొక్కరి గుండెలమీదా ఒక్కో కెమెరా వచ్చి కూర్చుంది.

"ఈ కెమెరాయే మా మనస్సాక్షి!" అని ఇన్‌స్పెక్టరుగారు సభలో గర్జించారు. ఇన్నాళ్లూ ఆ ఉద్యోగం ఖాళీగా ఉందన్నమాట. చప్పట్ల హోరులో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

మనస్సాక్షికి దుమ్ము పడదు. అందుకని కెమెరాకు జేబు, జేబుకు మూత, మూతకు గుండీ కుట్టే పని స్టేషను ఎదుటి దర్జీకి అప్పగించారు.

"మూత వేస్తే దానికింకేం కనపడుతుందండీ?" అని దర్జీ నోరు జారాడు.

"కుట్టడం నీ పని. చూడటం మా పని" అన్నాడు హెడ్డు కానిస్టేబులు.

నిజమే గదా అనుకుని దర్జీ నలభై జేబులు కుట్టాడు. చీమ దూరే సందు లేదు. ప్రశంసాపత్రం ఇచ్చారు. అద్దం కట్టించి మిషను పైన తగిలించుకున్నాడు.

'ఎండ, వాన, దుమ్ము, జనం ఉన్నప్పుడు మూత వేయవలెను' అని ఉత్తర్వు వెలువడింది. తక్కిన వేళల్లో కెమెరాకు పూర్తి స్వేచ్ఛ. మొదటి నెలలో ఒక్క దెబ్బయినా నమోదు కాలేదు. ఉత్తమ స్టేషను బహుమతి నడుచుకుంటూ వచ్చింది.

మర్నాడు కూడలిలో హెడ్డు ఒక ఆటో ఆపి లాఠీ ఎత్తాడు. తోలేవాడు దర్జీ తమ్ముడు. "ఎందుకు కొడతారండీ?" అని అడిగిన నేరానికి అతని చెయ్యి విరిగింది. పోలీసు మీద చెయ్యి చేసుకున్నాడని కేసు పడింది. చేసుకున్నది ఆ విరిగిన చెయ్యేనట.

దర్జీ స్టేషనుకు పరుగెత్తాడు. "బాబ్బాబు, ఆ వీడియో ఒక్కసారి వెయ్యండి. మావాడు ఇంటికొస్తాడు."

వేశారు. పదకొండు నిమిషాల చిక్కటి చీకటి. మధ్యలో "అన్నా!" అని ఒక కేక.

"ఏమన్నా కనపడిందా? కనపడనిది జరగనట్టే" అన్నాడు హెడ్డు.

"మరి ఆ కేకండీ?"

"అది వినపడేది. మాకిచ్చింది కెమెరా." హెడ్డు దర్జీ భుజం తట్టాడు. "ఏం కుట్టావయ్యా! పిసరంత వెలుతురు దూరలేదు."

దర్జీ కాళ్లీడ్చుకుంటూ కూడలికి వెళ్లాడు. "అన్నా, నువ్వక్కడే ఉన్నావటగా. ఫోనులో తీశావా?" అని కిరాణా కొట్టతన్ని బతిమాలాడు.

"ఫోను జేబులోనే ఉంది తమ్ముడూ. చెయ్యే రాలేదు" అన్నాడతను, తూకం మీంచి తల ఎత్తకుండా.

ఆ వేళ అక్కడ అరవైమంది ఉన్నారు. అరవై జేబుల్లో అరవై ఫోన్లు. ఆ జేబులన్నీ దర్జీ చేతి కుట్టే.

వాటిలో ఒక్కదానికీ మూత లేదు.