చెక్కపీపా రుచి

పొద్దున్నే చెక్కపీపా తుడిచి, పక్కవీధిలో బీరు కాచేవాళ్ళ దగ్గరికి పంపి నింపించుకుంటే, సాయంత్రం చర్చి తిరునాళ్ళ దాకా కాళ్ళు చాపుకోవచ్చనుకుంది వాల్‌బుర్గ. భర్త పోయినప్పటి నుంచి పానశాల పనంతా ఆమె మీదే పడింది. పెరట్లోకి వెళ్ళి చూస్తే పీపా ఎండలో ఉంది. చెక్కల మధ్య వేలు దూరే సందులు.

"తడిగా ఉందని వారం నుంచి ఎండబెడుతున్నా వదినా," అన్నాడు మరిది ఆలోయిస్, మెప్పు కోసం చూస్తూ.

"చేపని ఆరేసి ఈదమన్నట్టుంది నీ సాయం!"

తిరునాళ్ళకి మేయరే సుత్తితో పీపాకు కుళాయి దిగ్గొట్టి తెరవడం ఆనవాయితీ. నిరుడు అది సరిగా దిగక బీరంతా మేయర్ హుబెర్ట్ మొహాన కొట్టింది. ఈసారి చుక్క కారినా ఇక ఇనప పీపాయే అని ఆయన అందరి ముందూ చెప్పేశాడు. ఈ చెక్కపీపా ఆమె భర్త చేతిపని.

ఇద్దరూ దాన్ని కూడలికి దొర్లించి, ఫౌంటెన్ తొట్టిలో దించి, నీళ్ళు నింపి బిరడా కొట్టారు. నానగా నానగా చెక్క ఉబ్బి కారడం ఆగింది. ఆమె కాఫీకి ఎదురుగా ఉన్న తన పానశాలలోకి వెళ్ళింది. ఎవరి కంటా పడకూడదని ఆలోయిస్ పీపా మీద దేవదారు కొమ్మలు కప్పాడు.

ఆ ఊళ్ళో పీపాకు దేవదారు కొమ్మలు కట్టేది దాన్ని తెరిచే ముహూర్తానికే. అవి చూసినవాడెవడో మేళం వాళ్ళకు చెప్పాడు. బూరలు మోగాయి. జనం ముంతలతో వచ్చారు. మేయరు సగం గీసిన గడ్డంతో, కొయ్య సుత్తితో పరుగెత్తుకొచ్చాడు.

"ముహూర్తం ముందుకు జరిపి నాకు చెప్పరా?"

"ఆగండి మేయరుగారూ, అందులో ఉన్నది..." అంటూ వాల్‌బుర్గ బయటికి వచ్చి అడ్డుపడింది.

"మీరు తప్పుకోండమ్మా! నిరుటి నవ్వులు ఇంకా చెవుల్లో ఉన్నాయి."

ఒక్కటే దెబ్బ. కుళాయి దిగింది. చుక్క చిందలేదు. టోపీలు గాల్లోకి లేచాయి. ఆయన మట్టి ముంత కుళాయికి ఆనించి నింపి, గుటక వేసి, ఆగిపోయాడు. వాల్‌బుర్గ కళ్ళు మూసుకుంది.

తెరిచింది నీళ్ళ పీపా అని చెబితే, ఆయన కొట్టిన ఆ ఒక్క దెబ్బ లెక్కలోకి రాదు. ఆయన ముంత అడుగంటా తాగి మీసం తుడుచుకున్నాడు.

"అబ్బ! బీరంటే ఇదీ! ఇంకెవడైనా ఇనప పీపా మాటెత్తితే ఊరుకోను!" అని అరిచి, ఆమె చెవి దగ్గరికి వంగాడు. "తల్లీ, మిగతా ముంతలు లోపల నింపించండి."

"లోపలున్నవన్నీ ఇనప పీపాలేనండీ."

"ముంతకి తెలుస్తుందా ఏంటి?"

ఆ సాయంత్రం ఊరంతా ఆ బీరు తాగి, ఇనుములో ఈ రుచి ఎక్కడిదని తలలాడించింది.