మన ఆడపడుచులు, ఆధారాలతో సహా

"ఖర్మ కాలి మా పిల్ల గానీ రేపు గొప్పదైపోతే నా గతేంటండీ?"

ఈ ప్రశ్న పుట్టే వేళకి ఆ పిల్ల ఇంకా ఏమీ కాలేదు. గోదాములో కూర్చుని తూకం చీటీలు రాస్తోంది. అడిగింది తల్లి, మునిసిపల్ ఆఫీసులో అటెండరు. ఆవిణ్ణి అందరూ కంగారమ్మ అంటారు. పిడుగు పడకముందే చెవులు మూసుకుని, పడకపోతే ఎందుకు పడలేదా అని దిగులుపడే మనిషి. గుమాస్తా గోడకి నోటీసు కొడుతూ ఉండడం వల్ల, పైగా నోట్లో మేకులు ఉండడం వల్ల, జవాబు చెప్పలేదు.

నోటీసు సంగతి పాఠకులకు తెలిసిందే. ఈ ప్రాంతంలో పుట్టి పేరు తెచ్చుకున్న స్త్రీల చరిత్రను గ్రంథస్థం చేయాలని పెద్దలు ఏకగ్రీవంగా తీర్మానించారు. పక్క ప్రాంతం వారు అలాంటి పుస్తకమే వేశారన్న వార్త సరిగ్గా రెండు రోజుల ముందు రావడం కేవలం కాకతాళీయం. తొమ్మిది మందితో సంఘం ఏర్పడింది. అందులో స్త్రీలెవరూ లేకపోవడం నిష్పాక్షికత కోసమే. రిటైరైన హెడ్మాస్టరుగారు అధ్యక్షులయ్యారు. ఇక్కడి ఆడపిల్లల చదువు గురించి ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. ముప్పయ్యేళ్ళ పాటు అది ఆయన చేతుల్లోనే ఆగింది.

మొదట గుమాస్తా ఇంటింటికీ తిరిగి, మీ ఇంట్లో ప్రముఖ మహిళలెవరైనా ఉన్నారా అని విచారించాడు. అలాంటివాళ్ళు మా ఇంటా వంటా లేరని కొందరు తలుపు వేసుకున్నారు. ఒక పెద్దాయన మనవళ్ళ మీద ఒట్టు వేశాడు. ఇంకొకాయన మాత్రం నిజాయితీగా, "ఒకత్తికి ఆ లక్షణాలు కనపడ్డాయి గానీ, పెళ్ళయ్యాక తగ్గిపోయాయి బాబూ" అని చెప్పాడు.

దీన్ని బట్టి, ఈ ప్రాంతపు ప్రముఖ మహిళలంటే ఈ ప్రాంతంలో లేనివాళ్ళేనని సంఘం నిర్ధారణకు వచ్చింది. ఆ దారిన వెతికితే పదకొండు మంది దొరికారు. అందరూ దూరదూరాల స్థిరపడ్డారు. ఎవరూ సెలవులకైనా ఇటు రాలేదు. అయితే పక్క ప్రాంతం వారు వీళ్ళను కాజేయకుండా, ఒక్కొక్కరికీ ఈ ప్రాంతంతో సంబంధం ఉన్నట్టు ఒక లిఖితపూర్వకమైన ఆధారాన్ని అచ్చు వేయాలని నియమం పెట్టుకున్నారు. బీరువాలు తెరిచారు. ఫైళ్ళ దుమ్ము దులిపి, తెచ్చి బల్ల మీద పెట్టే బాధ్యత కంగారమ్మది.

గుండె డాక్టరమ్మకి ఆధారం ఇట్టే దొరికింది. సైన్సు చదువుతానని ఆవిడ చిన్నప్పుడు పెట్టుకున్న అర్జీ అది. దాని మీద ఎర్ర సిరాతో "ఆడపిల్లలకు అనవసరం" అని అడ్డంగా రాసి ఉంది. కింద సంతకం అధ్యక్షుల వారిదే. ఆయన కళ్ళు చెమర్చాయి. "నా దస్తూరీ అప్పట్లో ముత్యాల్లా ఉండేదయ్యా" అన్నారు. "తొలి దశలో లభించిన మార్గదర్శనం" అన్న శీర్షికతో అది పుస్తకానికెక్కింది.

పరుగుపందెంలో పతకాలు కొట్టినామె మీద, తెల్లారకుండానే రోడ్డున పడి పరిగెడుతోందనీ, చూడలేకపోతున్నామనీ వీధివాళ్ళిచ్చిన ఫిర్యాదు దొరికింది. అందులోని నలభై మూడు సంతకాలనూ తొలి అభిమానుల సంతకాలుగా వేశారు. ఆవిడ వెంటపడి రాళ్ళు రువ్విన యువకుల్లో ముగ్గురు ఇప్పుడు సంఘ సభ్యులే కనుక, వేగం పెరగడానికి వారు చేసిన కృషి కూడా చేర్చారు. జడ్జిగారి విషయంలో కాస్త తర్జనభర్జన జరిగింది. దొరికింది ఒక్కటే కాగితం. ఈ పిల్లకీ నాకూ ఏ సంబంధమూ లేదని తండ్రి పత్రికలో వేయించిన ప్రకటన. సంబంధానికి అంతకన్నా గట్టి రుజువు ఉండదని అధ్యక్షులు తేల్చారు.

ఆ బల్ల దగ్గర టీ కప్పులు సర్దుతున్న కంగారమ్మ ఇంట్లోనూ ఒక కాగితం ఉంది. బియ్యం డబ్బాలో, అడుగున. పుస్తకం అచ్చయ్యేసరికి అది వచ్చి తొమ్మిది రోజులైంది. దూరాన ఉన్న రేవులో పెద్ద క్రేను నడిపే ఉద్యోగం పిల్లకి వచ్చిందని ఆ ఉత్తరం. సోమవారం లోపల చేరాలి. మునుపు గోదాము క్రేను మనిషి రాని రోజున ఆ పిల్లే ఎక్కి, మధ్యాహ్నానికల్లా లారీలన్నీ ఖాళీ చేసింది. యజమాని మెచ్చుకుని, దిగమని, మళ్ళీ చీటీల దగ్గర కూర్చోబెట్టాడు. అప్పుడే ఎవరికీ చెప్పకుండా రేవుకి పరీక్ష రాసి వచ్చింది.

అంత ఎత్తున గాలి వీస్తే? పడిపోతే? పడ్డాక ఒంటి మీద బట్ట సరిగ్గా ఉండకపోతే? అసలు పడకుండా అక్కడే ఉండిపోతే? చివరిదే ఆవిడకి అన్నిటికన్నా ఎక్కువ భయం. పిల్ల రోజూ అడుగుతోంది, ఉత్తరం వచ్చిందా అని. పోస్ట్‌మన్‌కి ఒంట్లో బాగాలేదట అని ఆవిడ రోజూ చెబుతోంది. ఆ పోస్ట్‌మన్‌కి ఇప్పటికి మూడు జబ్బులు చేశాయి.

శుక్రవారం ఆవిష్కరణ సభ జరిగింది. పదకొండు మందికీ ఆహ్వానాలు వెళ్ళాయి. పదకొండు మందికీ తీరిక లేదు. పదకొండు జ్ఞాపికల్లో తొమ్మిదిని సభ్యులు ఒకరికొకరు బహూకరించుకున్నారు. మిగిలిన రెండింటి భారమూ అధ్యక్షులే మోశారు. ఆపైన ప్రసంగించారు.

"సోదరులారా! పన్నెండో పేజీ ఖాళీగా ఉంచాం. అది రేపు పుట్టుకురాబోయే మహిళది. ఆమె మీ ఇంట్లోనే ఉండవచ్చు. ఆమె ఎదుగుదలలో మీ వంతు పాత్రకు ఆధారం మీ పెట్టెల్లో, మీ డబ్బాల్లో ఇప్పటికే ఉండి ఉంటుంది. పారేయకండి. చరిత్ర వచ్చి అడుగుతుంది."

ఈ పిలుపు పాఠకులకూ వర్తిస్తుంది.

గోడవారన ట్రే పట్టుకుని కంగారమ్మ నిలబడి ఉంది. పన్నెండో పేజీ ఆవిడ కళ్ళకు కట్టింది. మడతల్లో తవుడు ఇరుక్కున్న ఉత్తరం ఫోటో. దాని కింద లావుపాటి అక్షరాలు: "తల్లి సహకారం."

సాయంత్రం ఇల్లు చేరేసరికి పిల్ల వంటగది గుమ్మంలో కూర్చుని కాళ్ళు నొక్కుకుంటోంది. తల ఎత్తకుండానే అడిగింది. ఇప్పుడు అలవాటుగా అడుగుతోందే తప్ప ఆశగా కాదు.

"ఉత్తరం రాలేదామ్మా?"

కంగారమ్మ పొయ్యి వెలిగించింది. గిన్నె పెట్టింది. గిన్నె దించింది. మళ్ళీ పెట్టింది. పోస్ట్‌మన్‌కి నాలుగో జబ్బు నోటిదాకా వచ్చింది. పిల్ల ఇక లేవబోయింది.

"తొమ్మిది రోజులైందే వచ్చి" అంది తల్లి, పొయ్యి వైపే చూస్తూ. "బియ్యం డబ్బాలో ఉంది, అడుగున. బట్టలు సర్దుకో. ఆ కాగితం మాత్రం బాగా దులిపి మరీ పట్టుకెళ్ళవే తల్లీ. ఒక్క గింజ కూడా అంటుకుని ఉండకూడదు."