కండువా ఎక్కిన ఓడ

ఆ విమానాల కంపెనీలో పైలట్ టోపీ చేరితే విమానం చేరినట్టే. టోపీలు ముందుగా వెళతాయి. విశాఖపట్నంలో విమానం దిగే చోట ఎర్రగుడ్డ పరిచిన స్టూలు ఒకటి ఉంటుంది. టైము కాగానే టోపీని దాని మీద పెడతారు. ఒకాయన గడియారం చూసి చిన్న గంట కొడతాడు. బోర్డు మీద ‘చేరినది’ అని పడుతుంది. విమానమూ, అందులో కూర్చున్న జనమూ వెనకాల వీలు చూసుకుని వస్తారు. ఈ పద్ధతి పెట్టాక ఆ కంపెనీ విమానం ఒక్కటి కూడా ఆలస్యం కాలేదు. ఢిల్లీలో పిలిచి బిరుదు ఇచ్చారు. అది అందుకోవడానికి కూడా టోపీనే పంపారు.

తెనాలి పున్నారావుకి ఈ సంగతి తెలుసు. తెలిసే టిక్కెట్టు కొన్నాడు. ఆయనకి అందులో తప్పేమీ కనపడలేదు.

ఎలా కనపడుతుంది? ఆయన బస్సు డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు కంట్రోలరుగా చేశాడు. ఏ బస్సు ఎప్పుడు కదిలిందో నల్లబోర్డు మీద సుద్దతో రాయడం ఆయన పని. డ్రైవరు దొరక్కపోయినా, టైరులో గాలి లేకపోయినా, ఆరు పదికి రేపల్లె బస్సు ‘వెళ్ళినది’ అని రాసేసేవాడు. బస్సు ఎదురుగానే నిలబడి ఉండేది. జనం బస్సు వంక చూసి, బోర్డు వంక చూసి, బోర్డునే నమ్మేవాళ్ళు. అయ్యో వెళ్ళిపోయిందే అనుకుంటూ ఇళ్ళకి తిరిగి పోయినవాళ్ళు కూడా ఉన్నారు.

సీట్ల తగాదాలూ ఆయనే తీర్చేవాడు. కిటికీలోంచి కండువా విసిరి సీటు ఆపుకున్నవాడు టీ తాగడానికి పోతాడు. నిలబడ్డవాడు వచ్చి కూర్చుంటాడు. కేకలు మొదలవుతాయి. పున్నారావు బస్సెక్కి ఒకటే మాట అనేవాడు.

“కండువా ఉంటే మనిషి ఉన్నట్టే. లేవండి.”

ఒకసారి నెలలు నిండిన మనిషిని కూడా అలాగే లేపాడు. ఆ కండువా తాలూకు మనిషి రానేలేదు. రేపల్లె దాకా కండువా కూర్చుంది, ఆవిడ నిలబడింది. తర్వాత ఆవిడ ఎలా ఉందో ఆయన ఎవర్నీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఇంట్లోనూ ఆ మాటే చెల్లింది. డిపో వదిలి రావడానికి ఆయనకి ఎప్పుడూ కుదిరేది కాదు. పెళ్ళిళ్ళకీ, కర్మలకీ భార్య సామ్రాజ్యం ఒక్కతే వెళ్ళేది. వెళ్ళేటప్పుడు ఆయన కండువా తీసుకెళ్ళి పక్క కుర్చీ మీద వేసేది. ఆయనగారు వచ్చినట్టే అనుకుని బంధువులు ఆ కుర్చీకి కూడా తాంబూలం ఇచ్చేవాళ్ళు. కూతురి బారసాలకి పీట మీద కూర్చుంది కండువానే. పిల్ల పెద్దయ్యాక ఆ ఫొటో చూసి, నాన్న ఏడీ అని అడగలేదు. కనపడుతూనే ఉందిగా మరి.

రిటైరై నాలుగేళ్ళయింది. సామ్రాజ్యం ఎప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు. ఒకరోజు పప్పు రుబ్బుతూ రుబ్బుతూ ఆపి అంది.

“ఏవండీ, మీ పక్కన కూర్చుని నేను ప్రయాణం చేసింది మన పెళ్ళి బస్సులోనే. అందులోనూ మధ్యలో మీ మేనత్త కూర్చుంది.”

పున్నారావు లెక్కేసి చూసుకున్నాడు. నిజమే. విశాఖపట్నంలో ఓడెక్కి పుదుచ్చేరి దాకా పోయి రావడానికి రెండు టిక్కెట్లు తీశాడు. మూడు రోజుల ప్రయాణం. ఒకే గది, పక్కపక్కన రెండు మంచాలు, కిటికీలోంచి సముద్రం. ఓడ శుక్రవారం సాయంత్రం నాలుగింటికి కదులుతుంది.

“గురువారం పొద్దున రైలుకి కలిసే పోదామండీ. ఒకరోజు ముందే అక్కడుంటే గుండె నిబ్బరంగా ఉంటుంది” అంది సామ్రాజ్యం.

“గురువారం సాయంత్రం రిటైరైన వాళ్ళ సంఘం నాకు శాలువా కప్పుతుంది. నేను లేకపోతే ఏం బాగుంటుంది?”

“దానికీ కండువాని పంపండి, అన్నిటికీ పంపినట్టు.”

“కండువాకి శాలువా కప్పుతారటే? మనిషికి కప్పుతారు గానీ.”



“ఓడెక్కేదీ మనిషేగా” అంది సామ్రాజ్యం.

ఆయన నవ్వేశాడు. “నువ్వు ముందు పో. నా కండువా తీసుకెళ్ళి కిటికీ వైపు మంచం మీద వెయ్యి. శుక్రవారం తొమ్మిదీ ముప్పై అయిదుకల్లా విమానం దిగుతా. ఓడ నాలుగింటికి. మధ్యలో ఒక కునుకు తీసి లేవచ్చు.”

గురువారం ఆమె కండువాని నాలుగు మడతలు పెట్టి రైలెక్కింది. ఆ సాయంత్రం పున్నారావుకి శాలువా కప్పారు. సభకి పదకొండు మంది వచ్చారు. మిగిలిన కుర్చీలన్నిటి మీదా కండువాలు ఉన్నాయి.

శుక్రవారం గన్నవరంలో విమానం ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎనిమిదిన్నరకి తలుపు వేశారు. విమానం కదల్లేదు. తొమ్మిదీ ముప్పై అయిదుకి లోపల గంట మోగింది.

“విశాఖపట్నానికి స్వాగతం. బయట ఎండ ముప్పై రెండు డిగ్రీలు. మాతో ప్రయాణం చేసినందుకు ధన్యవాదాలు” అంది అమ్మాయి గొంతు.

జనం బెల్టులు విప్పుకున్నారు. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. పున్నారావు కిటికీలోంచి చూశాడు. గన్నవరం మామిడితోటలే. పక్కన కూర్చున్న బట్టల వ్యాపారి ఫోను తీసి, “ఆఁ, దిగానమ్మా. గాజువాక దాటుతున్నా. కాఫీ పెట్టెయ్” అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని మళ్ళీ బెల్టు బిగించుకున్నాడు.

“మనం ఇంకా కదల్లేదు కదండీ” అన్నాడు పున్నారావు.

“కొత్తా మీరు? దిగాక ఇలాగే ఉంటుంది. పడుకోండి.”

పున్నారావు ఎదురు చెప్పడానికి నోరు తెరిచాడు. నోటికొచ్చిన మాటలన్నీ ముప్పై ఒక్క ఏళ్ళు బస్టాండులో జనం తనతో అన్నవే.

ఒంటిగంటన్నరకి విమానం లేచింది. రెండూ నలభైకి నిజంగా దిగింది. అప్పుడు స్వాగతం ఎవరూ చెప్పలేదు. అయిపోయిన పని కదా.

బయటికి వచ్చే దారిలో స్టూలు కనపడింది. పైలట్ వచ్చి దాని మీది టోపీ తీసి పెట్టుకుని వెళ్ళాడు. టోపీలు చూసుకునే ముసలాయన స్టూలు తుడుస్తున్నాడు.

“ఈ టోపీ ఎప్పుడొచ్చిందయ్యా?” అని అడిగాడు పున్నారావు.

“నిన్న రైల్లో తెచ్చాను బాబూ. రోజూ అంతే. మర్నాటి టోపీలన్నీ ముందురోజే రైల్లో తెచ్చీయాల.”

“విమానంలోనే తేవచ్చుగా?”

ముసలాయన తుడవడం ఆపి ఆయన్ని ఎగాదిగా చూశాడు. “ఇమానంలో తెస్తే టైముకొస్తాయేటి? కంపెనీ ఒప్పుకోదు బాబూ.”

ముసలాయన మళ్ళీ స్టూలు తుడుస్తూ అన్నాడు. “నిన్న నా ఎదర సీట్లో ఒకావిడ కూకున్నాది, తెనాలిలో ఎక్కినాదట. పక్కసీట్లో కండువా ఏసుకుంది. సామర్లకోట కాడ జనం ఎక్కీసినా ఎవుర్నీ కూకోనివ్వలేదు. ‘మావారున్నారండీ’ అన్నాది. పాపం, దానికి కిటికీలోంచి గోదారి కూడా చూపించింది.”

పున్నారావు ఆటో ఎక్కి ఓడరేవుకి పోయాడు. మూడూ నలభై అయింది. ఓడ అక్కడే ఉంది. ఎత్తుగా, తెల్లగా, వరసగా కిటికీలతో. మెట్లు మాత్రం తీసేశారు. గేటు దగ్గర బల్ల వేసుకుని అప్పలసూరి అనే గుమాస్తా కూర్చున్నాడు.

“పేరు?”

“పున్నారావు. తెనాలి.”

అప్పలసూరి కాగితం మీద వేలు నడిపాడు. “మీరెక్కీసినారు గదండీ.”

“నేనిక్కడుంటే ఎక్కడం ఏమిటి?”

“ఇమానం తొమ్మిదీ ముప్పయ్యైదుకి దిగిపోనాదని కంపెనీ కాయితం ఇదిగో. మంచం మీద కండువా ఉన్నాదని ఓడలోంచి కబురు. రెండూ సరిపోనాయి. ఓడలో ఉన్నోరు గేటు కాడ ఎలగుంతారు? మీరే చెప్పండి.”

పున్నారావుకి ఏం చెప్పాలో తెలుసు. కండువా మనిషి కాదు అని చెప్పాలి. ఆ మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. అప్పుడూ రాలేదు.

“మరి నేనెవర్ని?” అన్నాడు.

అప్పలసూరి మంచివాడు. పెన్ను చెవికి పెట్టుకుని ఆలోచించాడు. రూలు ప్రకారం ఎక్కిన మనిషి కండువా. ఎక్కిన మనిషి తాలూకు వస్తువు ఏదైనా వెనకబడి వస్తే దానికో పద్ధతి ఉంది. ఒక చీటీ తీసి రాశాడు. ‘ఆలస్యంగా వచ్చిన సామాను. ఒకటి. అరవై ఎనిమిది కిలోలు. పగిలేది కాదు.’ దానికి దారం కట్టి పున్నారావు మణికట్టుకి బిగించాడు. పున్నారావు చెయ్యి చాపాడు. బిగించేవాడికి తేలిగ్గా ఉండాలని కాస్త వంచాడు కూడా.

“సామానుని ఓడ ఆగే తర్వాత రేవుకి పంపమంటారో, ఇంటికి పంపమంటారో ఓడలో ఉన్నోరే చెప్పాల” అని అప్పలసూరి ఫోను చేసి, అందరికీ వినపడేట్టు పెట్టాడు. ఓడ మీద ఎవరో సామ్రాజ్యానికి ఇచ్చారు.

“సామ్రాజ్యం, నేనే” అన్నాడు పున్నారావు. “గేటు దగ్గరున్నా. వచ్చేశా. వాళ్ళకి చెప్పు, మెట్లు వెయ్యమను.”

అవతల గాలి హోరు.

“ఏవండీ, నేనిప్పుడే కుర్చీలు రెండు పక్కపక్కన వేయించాను. మీరు కూర్చున్నారు కూడా. ఇప్పుడు మిమ్మల్ని లేపమంటారా?”

పున్నారావు ఓడ వంక చూశాడు. పై అంతస్తులో రెండు కుర్చీలు. ఒకదాంట్లో చిలకపచ్చ చీర. రెండో దాంట్లో తెల్లగా ఏదో గాలికి కదులుతోంది. ఆమె దాన్ని చేత్తో అదిమి పట్టుకుంది, ఎగిరిపోకుండా.

కండువా ఉంటే మనిషి ఉన్నట్టే. లేపడానికి వీల్లేదు.

“వద్దులే” అన్నాడు.

“సామాను ఇంటికే పంపించండి బాబూ” అంది సామ్రాజ్యం గుమాస్తాతో. “నెమ్మదిగా దించమనండి. నడుం నొప్పి ఉంది దానికి.”

నాలుగింటికి ఓడ నిజంగానే కదిలింది. ఓడలు ఇంకా అలాగే కదులుతున్నాయి. అది సన్నగా అయ్యేదాకా పున్నారావు నిలబడి చూశాడు. తర్వాత సామాన్ల వ్యానులో పెట్టెల మధ్య కూర్చోబెట్టి తెనాలికి పంపారు. దారిలో మిగతా సామాను చూశాడు. పెట్టెలు కొన్నే. ఎక్కువమంది మనుషులే, చేతులకి చీటీలతో. ఒకాయన కూతురి పెళ్ళికి బయలుదేరాడట. ఇంకొకాయన తల్లి చివరిచూపుకి. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. సర్దుకుని కూర్చున్నారు.

సోమవారం ఓడ తిరిగొచ్చింది. మంగళవారం పొద్దున సామ్రాజ్యం ఇంటికొచ్చింది. మొహం ఎండకి కాస్త కమిలింది. పదేళ్ళు చిన్నదానిలా ఉంది. మోచేతి మీద కండువా వేసుకుని మెట్లెక్కింది, మనిషిని పట్టుకుని ఎక్కినట్టు. వ్యానువాళ్ళు దించిపోయిన పున్నారావు రసీదుతో అరుగు మీదే ఉన్నాడు. సామాను అందినట్టు రసీదు మీద యజమాని గుర్తు వేస్తేనే లోపలికి. ఆమె కండువా కొసని సిరాలో ముంచి కాగితానికి అద్దింది. పున్నారావు ఇంట్లోకి వచ్చినట్టయింది.

అన్నం పెట్టింది. కండువాకి ఒక విస్తరి, తనకి ఒకటి. ఒక్క క్షణం చూసి ఆయనకీ వేసింది.

“సముద్రం ఎలా ఉంది?” అని అడిగాడు పున్నారావు.

ఆమె తలెత్తి చూసింది. ఎగతాళి లేదు ఆ చూపులో. కోపమూ లేదు.

“మీరూ చూశారుగా” అంది.

పున్నారావు ముద్ద కలుపుతూ ఆగాడు. చిలకపచ్చ చీర గుర్తొచ్చింది. గాలికి ఎగరకుండా అదిమి పట్టిన చెయ్యి గుర్తొచ్చింది.

“చూశాను” అన్నాడు. “బాగుంది.”

భోజనాలయ్యాక ఆమె కండువాని ఆయన వాలుకుర్చీలో పరిచి లోపలికి పోయింది. పున్నారావు దగ్గరికి వెళ్ళి, ఎవరూ చూడకుండా దాని అంచు ఎత్తి వాసన చూశాడు. ఉప్పు గాలి వాసన వేసింది. ఒకచోట, భుజం మీదికి వచ్చే చోట, కొబ్బరినూనె మరక ఉంది. అరచేయంత మరక. ఆమె తల ఆనించి నిద్రపోయిందన్నమాట.

పాత రోజుల్లో అయితే దాన్ని తీసి దులిపి భుజాన వేసుకునేవాడే. చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది కూడా. మణికట్టున చీటీ ఊగింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అంచుని మళ్ళీ ఉన్నట్టే పరిచి, సీటు ఎవరిదో తెలిసినవాడు కాబట్టి, గోడవారగా నిలబడ్డాడు.