పసుపు గొంతు పిచ్చుక

జనవరి ఆఖరి శనివారం ఉదయం తొమ్మిది గంటలకు సెడ్రిక్ మెట్‌కాఫ్ తన వంటింటి కిటికీ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో బైనాక్యులర్స్, ఎడమపక్కన నారింజ మార్మలేడ్ రాసిన రెండు టోస్టు ముక్కలు, కుడిపక్కన మొనలు చెక్కిన రెండు పెన్సిళ్లు. అతని పథకం చాలా సాదాసీదాది. ఏటా శీతాకాలంలో జరిగే పెరటి పిట్టల లెక్కలో భాగంగా పది గంటల వరకు పెరట్లోకి వచ్చిన పిట్టలను లెక్కించాలి. ఆ కాగితాన్ని స్కార్‌బెక్ పక్షి సంఘానికి అందజేయాలి. సాయంత్రం నాలుగింటికి సంఘం వార్షిక సమావేశంలో ప్రుడెన్స్ ఓల్డ్‌రాయిడ్‌ను ఓడించి అధ్యక్షుడు కావాలి. మొదటి రెండు పనులూ ఎవరైనా చేయగలిగినవే. మూడోదానికి పదకొండేళ్ల చరిత్ర ఉంది.

పదకొండేళ్ల కిందట సెడ్రిక్ బీడుకొండ మీద మంచుగుడ్లగూబను చూశానని సంఘానికి నివేదించాడు. అరుదైన పిట్టల నివేదికలను పరీక్షించే అధికారం అధ్యక్షురాలు ప్రుడెన్స్‌దే. ఆమె బూట్లు వేసుకుని కొండెక్కి, గుడ్లగూబను చేతుల్లో మడిచి పట్టుకుని దిగివచ్చింది. అది గొర్రెల దాణా సంచీ. ఆ ఏటి వార్షిక నివేదికలో సెడ్రిక్ పేరు పక్కన "నిర్ధారణ కాలేదు" అని అచ్చయింది. ముప్ఫై ఏళ్లు తూనికలు, కొలతల తనిఖీ అధికారిగా పనిచేసి, ఇతరుల తప్పులను మాత్రమే అచ్చులో చూడటానికి అలవాటుపడిన మనిషికి అది దిగమింగుకోగలిగిన మాట కాదు. ఆనాటి నుంచి అతని జీవితానికి ఒకే ఒక్క కోరిక మిగిలింది: ఆ నివేదికలో తన పేరు పక్కన ఒక అరుదైన పిట్ట పేరు, ఏ అనుమానమూ లేకుండా, ప్రుడెన్స్ సంతకంతో అచ్చుకావాలి.

అయితే ఈ శనివారపు ఉపద్రవానికి కారణం వెతుక్కుంటూ వెళితే మనం ఆగవలసింది గుడ్లగూబ దగ్గర కాదు, గురువారం దగ్గర. గురువారం మధ్యాహ్నం యార్క్‌షైర్‌లో వసంతం వచ్చినట్టు ఎండ కాసింది. ఆ ఎండను నమ్మి, సెడ్రిక్ భార్య మేవిస్ వంటింటి కిటికీకి సరిగ్గా పైన, చూరు కింద బిగించి ఉన్న మూడు కన్నాల పిచ్చుకల పెట్టెను ముస్తాబు చేసింది. సామానుగది తలుపుకు వేయగా మిగిలిన పసుపు రంగుతో మూడు కన్నాల చుట్టూ మూడు గుండ్రాలు దిద్దింది. పిల్లల బొమ్మలకు సైతం వేయదగిన, హాని లేని రంగు అది. మామూలు వాతావరణంలో రెండు గంటల్లో ఆరుతుందని డబ్బా మీద రాసి ఉంది. జనవరి నెల యార్క్‌షైర్‌లో మామూలు వాతావరణం అంటే ఏమిటో డబ్బా మీద రాసి లేదు. గురువారం సాయంత్రం చినుకులు పడ్డాయి. శుక్రవారం పొగమంచు కమ్మింది. శనివారం తెల్లవారేసరికి అంతా గడ్డకట్టి, ఎనిమిదింటికి కరగడం మొదలైంది. రంగు ఆరలేదు. ఆ పెట్టెలో తలదాచుకుంటున్న ఊరపిచ్చుకలు, వాతావరణం ఎలా ఉందో చూడటానికి ఒక్కొక్కటే కన్నంలోంచి మెడ చాచాయి.

తొమ్మిదీ పదికి మొదటి పిచ్చుక కంచె మీద వాలింది. ఆడది, మట్టిరంగుది, ప్రపంచంలో ఎవరూ రెండోసారి చూడనిది. దాని గొంతు మీద మాత్రం బఠాణీ గింజంత పసుపు మచ్చ ఉంది.

సెడ్రిక్ టోస్టునూ లెక్క కాగితాన్నీ కింద పడేసి బైనాక్యులర్స్ ఎత్తాడు. గొంతు మీద పసుపు మచ్చ గల మట్టిరంగు పిచ్చుక యూరప్ మొత్తం మీద ఒక్కటే ఉంది. అది స్పెయిన్ వైపు రాళ్లగుట్టల్లో బతికే రాతిపిచ్చుక. ఇంగ్లండులో అది కనిపించడమంటే స్కార్‌బెక్ చేపల దుకాణంలో తిమింగలం కనిపించినట్టే.

గిన్నెలు తుడుస్తున్న మేవిస్ అతని భుజం మీదుగా తొంగిచూసింది. "సెడ్రిక్, ఆ పిట్ట మెడకి అంటుకున్నది మన..."

"ష్!" సెడ్రిక్ తల తిప్పకుండానే పెదవుల మీద వేలు పెట్టాడు. "పిట్ట ఉంది."

లెక్క జరిగే గంటసేపు ఇంట్లో ఎవరూ మాట్లాడరాదన్నది అతను పెట్టిన నియమం. ఇంట్లో ఉన్నది ఇద్దరే కనుక, దాన్ని పాటించవలసినది ఎవరో చెప్పనక్కరలేదు.

"అది కాదు, నేను గురువారం..."

"మేవిస్! గురువారం సంగతి ఆదివారం చెప్పుకుందాం."

మేవిస్ ఒక క్షణం అతని మెడ వెనుక భాగాన్ని చూసింది. తరువాత అతను కింద పడేసిన లెక్క కాగితాన్ని తీసి, పెన్సిలు చెవి వెనుక దోపుకుని, గిన్నెల దగ్గరి చిన్న కిటికీకి చేరి లెక్క కొనసాగించింది. ఎవరో ఒకరు చేయాలి కదా.

సెడ్రిక్ నడవలోకి వెళ్లి సంఘంలో కబుర్లు చేరవేసే బాధ్యత గల కసాయి నార్మన్ బ్లెన్‌కిన్‌కు ఫోన్ చేశాడు.

"నార్మన్, నేను చెప్పేది కూర్చుని విను."

"నిలబడే వింటా బాబూ, చేతిలో పందితొడ ఉంది."

"మా పెరట్లో రాతిపిచ్చుక వాలింది. బహుశా."

అవతల పందితొడ బల్ల మీద పడిన చప్పుడు. "మళ్లీ సంచీ కాదుగదా?"

"సంచులు గింజలు తినవు, నార్మన్!"

"బహుశా" అని రాస్తే ఎవరూ రారని అనుభవం మీద తెలిసినవాడు కనుక, నార్మన్ ఆ ఒక్క మాట తీసేసి కబురును అందరికీ పంపాడు. అరుదైన పిట్ట పేరు చెవిన పడితే కన్నతల్లి పుట్టినరోజు విందులోంచి కూడా లేచి పరిగెత్తే జాతి ఒకటి ఆ దేశంలో ఉంది. తొమ్మిదిన్నరకు మొదటి కారు వచ్చింది. పదకొండుకు వీధి నిండింది. పొగమంచు విడిపోయి ఎండ కాసింది. ఆ ఎండలో నలభైముగ్గురు మనుషులు మెట్‌కాఫ్ వారి పచ్చిక మీద ఇంటికి వీపులు తిప్పి, కంచె వైపు టెలిస్కోపులు ఎక్కుపెట్టి, చర్చిలో ఉన్నంత నిశ్శబ్దంగా నిలబడ్డారు. వెనుక వచ్చినవాళ్లు గేటు నుంచి వీధి మలుపు దాకా క్యూ కట్టారు. క్యూ కనిపిస్తే కారణం అడగడం మర్యాద కాదు కనుక, దారిన పోయే ముగ్గురు కూడా అందులో చేరారు.

ఇంటివైపు చూసినవాళ్లు లేకపోలేదు. మేవిస్ పోసిన టీ తాగి, కప్పు తిరిగి ఇవ్వడానికి వచ్చిన కనీసం ఆరుగురు చూరు కింది పెట్టెనూ, దాని మీది పసుపు గుండ్రాలనూ చూశారు. పొరుగువారి రంగుల అభిరుచి గురించి పల్లెత్తు మాట అనడం మర్యాద కాదు కనుక, ఆరుగురూ "టీ బాగుందండీ" అని చెప్పి వెళ్లిపోయారు.

పన్నెండింటికి ఆకాశం ముఖం మళ్లీ మారి, వానా మంచూ కలగలిసి రాలడం మొదలైంది. మేవిస్ పెరట్లో ఉన్న సెడ్రిక్ చేతికి టీ కప్పుతోపాటు కూరగాయల జాబితా వెనుక రాసిన చీటీ అందించింది. మాట్లాడవద్దన్నాడు కానీ, రాయవద్దని ఎవరూ అనలేదు. చీటీలో ఇలా ఉంది: "అది రంగు. మన పెట్టెకు గురువారం నేను వేసిన రంగు. తల ఎత్తి చూడు. – మేవిస్."

సెడ్రిక్ తల ఎత్తి చూశాడు. మూడు గుండ్రాలు. మధ్య గుండ్రంలో రంగు చెరిగిన చోట సరిగ్గా పిచ్చుక గొంతంత ఖాళీ. న్యాయంగా చెప్పాలంటే, ఆ క్షణాన అతను నిజం చెప్పేయాలనే నోరు తెరిచాడు. కానీ సరిగ్గా అప్పుడే జనాన్ని చీల్చుకుంటూ ప్రుడెన్స్ ఓల్డ్‌రాయిడ్ వచ్చి అతని ఎదుట నిలబడింది.

"మెట్‌కాఫ్ గారూ," అంది ఆమె, ఒక్కో మాటనూ దంతవైద్యుడు పీకుతున్నట్టుగా. "చూశాను. కంచె మీద, ఇరవై అడుగుల దూరంలో. అది రాతిపిచ్చుకే. సందేహం లేదు. పదకొండేళ్ల కిందట మీ విషయంలో నేను కొంచెం... తొందరపడ్డానేమో. నివేదికలో మీ పేరు నేనే రాస్తాను."

సెడ్రిక్ తెరిచిన నోరు అలాగే ఉంది. దానిలోంచి రావలసిన మాటకు బదులు మరొకటి వచ్చింది.

"ఇంటిపేరు కూడా పూర్తిగా వేస్తారు కదండీ?"

చీటీ మడతపడి జేబులోకి వెళ్లింది.

మనిషి ఒక అబద్ధాన్ని చెప్పకుండా మోయవచ్చు. అప్పుడు దాని బరువు మరొకరి నెత్తిన పడుతుంది. ప్రుడెన్స్ గొడుగు కింద నోటుపుస్తకం తెరిచి, అందరికీ వినపడేలా వర్ణన చదువుతూ రాయసాగింది. "రాతిపిచ్చుక, సందేహం లేదు. గొంతు మీద స్పష్టమైన పసుపు మచ్చ. అంచులు చెక్కినట్టుగా..." అంతలో మంచు ఆగి వాన జోరందుకుంది. కంచె మీది పిచ్చుక తడిసింది. మచ్చ మెల్లగా ఛాతీ మీదికి జారింది.

"మేడమ్, మచ్చ కిందికి దిగుతోంది," అన్నాడు నార్మన్.

"ఉద్రేకంలో మచ్చ విస్తరిస్తుంది," అని ప్రుడెన్స్ గంభీరంగా రాసుకుంది. "ఇంతవరకు ఎవరూ గమనించని విషయం."

పొద కిందినుంచి మరో పసుపు గొంతు లేచింది. దాని వెనుక మరో రెండు.

"గుంపు!" ప్రుడెన్స్ గొడుగు ఊపింది. "ఈ దేశపు చరిత్రలో మొట్టమొదటి గుంపు! నార్మన్, లండన్‌కు ఫోన్ చెయ్యి!"

"చేస్తా మేడమ్. కానీ అదిగో, ఆ ఐదోదాన్ని కూడా ఒకసారి చూడండి."

ఐదోది మగ ఊరపిచ్చుక. ఇంగ్లండులో ఐదేళ్ల పిల్ల కూడా గుర్తుపట్టగల నల్లటి గడ్డం దానికి ఉంది. గడ్డం మీద పసుపు రంగు, పళ్లెం నాకిన పిల్లి మూతికి మీగడ అంటినట్టు, అంటుకుని ఉంది. అది ఈకలు విదిలించుకుంది. ఒక పసుపు చుక్క ఎగిరి ప్రుడెన్స్ నోటుపుస్తకంలో, "సందేహం లేదు" అన్న మాట మీద పడింది.

చూసినదాన్ని పైకి అనకుండా ఉండటంలో ఆ నలభైముగ్గురికీ మంచి శిక్షణ ఉంది. చివరికి మాట్లాడింది, దారిన పోతూ క్యూలో చేరి గంటన్నర నిలబడి అప్పుడే ముందుకు వచ్చిన కూరగాయల సంచీ ముసలావిడ.

"జలుబుకి సూది మందు వేసేది ఇక్కడ కాదా? అయ్యో. పోనీలే. ఆ పిట్టలకి అంటింది, పైన పెట్టెకేసిన రంగే కదమ్మా?"

"అవునండీ," అంది మేవిస్ గుమ్మంలోంచి. "సామానుగది తలుపుకి తెచ్చాం."

"ముచ్చటగా ఉంది. మా గేటుకి కూడా అలాంటిదే అనుకుంటున్నా."

"డబ్బాలో సగం మిగిలింది, పట్టుకెళ్లండి. ఎండ చూసి మాత్రం మోసపోకండి."

నలభైమూడు టెలిస్కోపులు నెమ్మదిగా ఇంటివైపు తిరిగాయి. ప్రుడెన్స్ నోటుపుస్తకం మూసింది. పసుపు చుక్క అవతలి పేజీకి కూడా అంటుకుంది.

"నేను 'బహుశా' అనే చెప్పాను," అన్నాడు సెడ్రిక్. "నార్మన్‌ని అడగండి. సందేహం లేదన్నది మీరే, ప్రుడెన్స్ గారూ." పదకొండేళ్ల భారం దిగిపోతున్నట్టు అనిపించి, నుదుటి తడి తుడుచుకోవడానికి జేబులోంచి చేతిరుమాలు లాగాడు. దానితోపాటు చీటీ కూడా వచ్చి నార్మన్ బూటు మీద పడింది.

నార్మన్ వంగి తీశాడు. మాంసం కొట్టులో ఆర్డరు చదివే గొంతుతో పైకి చదివాడు. మేవిస్ సంతకం దాకా చదివి, కాగితం తిప్పి, "ముల్లంగి, రెండు కట్టలు," అని కూడా చదివాడు.

"ఇది ఎప్పుడు ఇచ్చారమ్మా?"

"పన్నెండింటికి. టీతోపాటు."

"అంటే ప్రుడెన్స్ గారు రాసేటప్పటికి మెట్‌కాఫ్‌కి తెలుసన్నమాట."

"తొమ్మిదీ పదికే తెలిసేది నాయనా. అప్పుడు పిట్ట ఉంది, నన్ను మాట్లాడనివ్వలేదు."

సాయంత్రం నాలుగింటికి ఆకాశం నిర్మలమై, చక్కటి ఎండ కాసింది. సంఘం మందిరంలో ఇద్దరు అభ్యర్థులూ గదికి చెరో మూల కూర్చున్నారు. కనబడినదాన్ని గుర్తుపట్టలేని ఆమెకు ఓటు వేయాలా, గుర్తుపట్టి దాచినవాడికి వేయాలా అన్న ప్రశ్న సభ్యులను చాలాసేపు బాధించింది. చివరికి నార్మన్ లేచి, ఆనాడు స్కార్‌బెక్ మొత్తం మీద సంఘానికి అందిన లెక్క కాగితం ఒక్కటేనని ప్రకటించాడు. మిగతావాళ్లందరూ కబురు అందగానే తమ పెరళ్లు వదిలేసి మెట్‌కాఫ్ పెరట్లో ఉన్నారు. ఆ కాగితంలో చక్కటి దస్తూరీతో ఇలా ఉంది: "రాబిన్ ఒకటి. బ్లాక్‌బర్డ్‌లు రెండు. ఊరపిచ్చుకలు పదకొండు, వాటిలో ఏడింటికి మా రంగు అంటింది."

"ఉన్నది ఉన్నట్టు రాసిన మనిషి ఈ ఊళ్లో ఈవిడొక్కతే," అన్నాడు నార్మన్.

"నాకు పదవులెందుకయ్యా?" అంది టీ పోస్తున్న మేవిస్. "మరి టీ ఎవరు పోస్తారు?"

అందరూ సెడ్రిక్ వైపు చూశారు.

ఏప్రిల్‌లో వచ్చిన వార్షిక నివేదికలో అతని పేరు ఇంటిపేరుతో సహా అచ్చయింది. ఊరపిచ్చుక అన్న శీర్షిక కింద, "మెట్‌కాఫ్ గారి పెరటిలో రంగు అంటినవి ఏడు. నిర్ధారణ అయింది" అని ఉంది. ఆ నెల సమావేశంలో, టీ పళ్లెం పట్టుకుని నిలబడ్డ సెడ్రిక్, తాను ఆనాడు "బహుశా" అన్న సంగతి నివేదికలో చేర్చాలని విన్నవించుకోవడానికి గొంతు సవరించుకున్నాడు. అధ్యక్షస్థానంలో ఉన్న మేవిస్ తల ఎత్తకుండానే పెదవుల మీద వేలు పెట్టింది.

"ష్. పిట్ట ఉంది."

కిటికీ అవతల పిట్ట అన్నది ఒక్కటీ లేదు.