తెరుచుకోని టికెట్ల కిటికీ

శనివారం పొద్దున చిన్నకోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకల్లా అత్తగారి నాటక సమాజం వెబ్‌సైటును పాత సర్వరు నుంచి కొత్తదానికి మార్చెయ్యాలి, పదింటికి వచ్చే శనివారం నాటకానికి టికెట్ల బుకింగ్ దానంతటదే తెరుచుకోవాలి, ఆ తర్వాత తీరిగ్గా తలస్నానం చెయ్యాలి. కిందటి నాటకానికి సగం హాలు ఖాళీ. ఈసారీ అంతే అయితే ఇక హాలు ఇచ్చేది లేదని మేనేజరు అత్తగారి మొహం మీదే చెప్పేశాడు. ముప్ఫై ఏళ్లుగా నాటకాలు ఆడిస్తున్న ఆవిడ ఆ పూట అన్నం సగంలో వదిలేసి లేచిపోయింది.

మార్పు అనుకున్న వేళకే అయిపోయింది. పదింటికి చూస్తే సైటు రాలేదు. తెల్లటి పేజీ, మధ్యలో గిరగిరా తిరిగే చక్రం. మొగుడి ఫోనులో చూసింది, అత్తగారి ఫోనులో చూసింది. అన్నింట్లోనూ అదే చక్రం. సర్వరు కంపెనీకి ఫోను చేస్తే, తమ వైపు అంతా బాగానే ఉందని అక్కడి ఉద్యోగిని తియ్యగా చెప్పి పెట్టేసింది.

అత్తగారు చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. డైరీ తీసి, సైటు చచ్చిందని, టికెట్లు ఇంటి దగ్గరే చీటీల మీద రాసిస్తామని అందరికీ ఫోన్లు చేసింది. విన్నవాళ్లు ఇంకో నలుగురికి ఉప్పూ కారం చల్లి మరీ చెప్పారు. పదకొండింటికి సైటు చెడిపోయిందన్న మాట, పదకొండున్నరకి ఎవరో చెడగొట్టారన్న మాటయింది. పన్నెండింటికల్లా, నాటకంలో ఎవరి గుట్టో బయటపెడుతున్నారు గనకే మూయించారని తేలిపోయింది. నాటకమేమో ఒక బీరువా కోసం ఇద్దరు అక్కచెల్లెళ్లు పోట్లాడుకునే కథ. గుమ్మం నుంచి వీధి మలుపు దాకా జనం నిలబడ్డారు. అత్తగారు నలభై చీటీలు రాసి, ఇంకో పెన్ను అడిగింది.

డ్యూటీ దిగి వస్తున్న పక్కింటి నర్సు ఈ గుంపేమిటని గేటు దగ్గర ఆగింది. సంగతి విని తన ఫోను తీసి చూసింది.

"నాకు వస్తోందే. కానీ సీట్లు లేవంటోందమ్మా. అన్నీ అయిపోయాయట."

కోడలు ఆ ఫోను లాక్కున్నంత పని చేసింది. మూడు వందల సీట్లూ నిండి ఉన్నాయి. ఊరందరికీ వస్తున్న సైటు తమ ఇంట్లోనే ఎందుకు రావడం లేదో అప్పుడు వెలిగింది. వారం కిందట పరీక్ష కోసం, ఈ సైటు అడిగితే ఫలానా తాత్కాలిక సర్వరుకు పంపమని ఇంటి వైఫై పెట్టెలో తన చేత్తోనే రాసి పెట్టింది. ఆ సర్వరును నిన్ననే మూసేశారు. ఇంట్లో ప్రతి ఫోనూ పొద్దుటి నుంచి తాళం వేసిన ఇంటి తలుపు తడుతోంది. ఆ ఒక్క వరుస చెరిపెయ్యగానే సైటు చక్కగా వచ్చి కూర్చుంది.

కోడలు తలొంచుకుని అత్తగారి దగ్గరకు వెళ్లింది.

"తప్పు నాదే అత్తయ్యా. సైటు పొద్దుటి నుంచీ బాగానే ఉంది. మీ చీటీలకి ఇక సీట్లు లేవు."

అత్తగారు చీటీలను చూసింది, వీధిని చూసింది, ఫోను తీసింది. హాలు నిండిందని, ఇంకో హాలుకు సరిపడా జనం గుమ్మంలో ఉన్నారని మేనేజరుకు చెప్పింది. ఆ మర్నాడు ఆదివారం కూడా హాలు తీసుకొమ్మని అతను, మొట్టమొదటిసారి పేరు చివర "గారు" తగిలించి మరీ బతిమాలాడు. రెండో ఆట ఉందని ఆవిడ గడప మీద నుంచి ప్రకటించేసరికి వీధంతా చప్పట్లు కొట్టింది.

ఇక తనకు అక్షింతలు తప్పవనుకుంటూ కోడలు బిగుసుకుపోయి నిలబడింది. అత్తగారు భుజం మీద చెయ్యేసి, గొంతు తగ్గించి అడిగింది.

"మళ్లీ నాటకానికి సైటు ఎన్ని గంటలకి పాడవుతుందో ఒకరోజు ముందు చెప్పమ్మా. ఫోన్లు చేసుకోవాలి."