ట్రయల్‌కి తెచ్చిన ట్రైలర్

ఆ శనివారం ఉదయం కృష్ణమోహన్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి అరోరాలో ఇంటి నుంచి బయలుదేరాలి. తొమ్మిదిన్నరకి స్టార్వ్‌డ్ రాక్ పార్కు చేరి, చెట్ల కింద ట్రైలర్ నిలపాలి. అందులో వంట తనే చెయ్యాలి. ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చి, సోమవారం మధ్యాహ్నానికల్లా ఆ ట్రైలర్ కొంటున్నాడో లేదో వాల్ట్‌కి చెప్పాలి.

వాల్ట్ ఊరి చివర పాత ట్రైలర్లు అమ్మే పెద్దమనిషి. మనిషిని చూసి నమ్మే రకం. శుక్రవారం సాయంత్రం కృష్ణమోహన్ కారుకి పదహారడుగుల తెల్లటి ట్రైలర్‌ని తగిలించి, "రెండు రోజులు ఇందులో ఉండి చూడు, నచ్చకపోతే తెచ్చెయ్యి" అని పంపించాడు. అందులో రెండు పరుపులు, ఒక సింకు, మూడు బర్నర్ల గ్యాస్ పొయ్యి ఉన్నాయి. కృష్ణమోహన్ చూసింది పొయ్యి ఒక్కటే.

దానికి కారణం ఉంది. అంతకు ముందు ఏడు, అంటే ఎనభై మూడు వేసవిలో, ఆ కుటుంబం ఎల్లోస్టోన్ వెళ్ళింది. కృష్ణమోహన్ తండ్రి కృష్ణారావుగారు, తల్లి శేషమ్మగారు బయట తిండి ముట్టరు. అందుకని కోడలు ఉష ప్రతి మోటెల్‌లోనూ బాత్‌రూమ్‌లో కరెంటు పొయ్యి పెట్టి అన్నం, పప్పు, చారు వండింది. నాలుగో మోటెల్‌లో చారు పోపుకి స్మోక్ అలారం మోగింది. మేనేజర్ వచ్చాడు, ఫైరింజన్ కూడా వచ్చింది. తాలింపు అంటే ఏమిటో వాళ్ళకి వివరించాక, ఆ రాత్రి అందరూ కారులో పడుకున్నారు. మన పొయ్యి మనతో ఉంటే ఈ అవమానం ఉండేది కాదని కృష్ణమోహన్ అప్పుడే తీర్మానించుకున్నాడు.

ఉష తీర్మానం వేరు.

"ఇంట్లో వంటిల్లు చాలదని, దానికి చక్రాలు కట్టి నా వెనకాలే తెస్తారా?" అంది.

"ఈ వీకెండ్ ట్రయల్ చేద్దాం. రెండు రోజులూ నువ్వు గరిటె ముట్టుకోవద్దు. వంట నాది."

"మాటేనా?"

"మాటే."

పెళ్ళయి పన్నెండేళ్ళు. వారంలో అయిదు రోజులు హాస్పిటల్ ల్యాబ్‌లో పని చేసి, ఏడు రోజులూ రెండు పూటలా వంట చేసే ఆ ఇల్లాలు భర్త చేతి ముద్ద ఒక్కటంటే ఒక్కటి తినలేదు. ట్రైలర్ ఉన్నా పోయినా ఆమెకి బాధ లేదు. ఆ రెండు రోజులు మాత్రం కావాలి. అందుకని కొత్త బూట్లు కూడా కొనుక్కుంది.

ట్రైలర్‌ని వెనక్కి నడపడం సామాన్యమైన పని కాదు. స్టీరింగ్ ఇటు తిప్పితే అది అటు పోతుంది. శుక్రవారం సాయంత్రం దాన్ని డ్రైవ్‌వేలోకి ఎక్కించడానికి కృష్ణమోహన్‌కి నలభై నిమిషాలు పట్టింది. కృష్ణారావుగారు నిడదవోలులో స్టేషన్ మాస్టర్‌గా రిటైరైన మనిషి. ఆయన ఆకుపచ్చ తువ్వాలు ఊపుతూ దారి చూపించారు, ఎదురింటి వాళ్ళ పోస్టుబాక్సు పడిపోయాక ఎర్ర తువ్వాలు చూపించారు. మొత్తానికి బండి ముఖం రోడ్డు వైపుకి తిరిగింది. పొద్దున్నే నేరుగా బయటికి లాగడమే తరువాయి.

పొద్దున్న ఏడున్నరకి శేషమ్మగారు అడ్డం పడ్డారు.

"ఎనిమిదింటికి బయల్దేరి ఎక్కడో దార్లో రాహుకాలంలో పడతామురా. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర. ఆ తరవాతే కదలాలి."

"అమ్మా, తొమ్మిదికి ముందే బయల్దేరుతున్నాం కదా."

"బయల్దేరడం ఒక్కటే కాదు, కొత్త బండి రాహుకాలంలో రోడ్డు మీద ఉండకూడదు."

కృష్ణారావుగారు పంచాంగం తీసి సమస్యని శాస్త్రీయంగా పరిశీలించారు. ఇండియా టైము ప్రకారం రాహుకాలం నిన్న రాత్రే అయిపోయిందన్నారు. "నెత్తి మీద సూర్యుడు ఇక్కడివాడా, నిడదవోలు వాడా?" అని శేషమ్మగారు అడిగారు. ఆయన ఒప్పుకున్నారు. అయితే ఇక్కడ వేసవిలో గడియారం ఒక గంట ముందుకు తిప్పుతారు గనక, సూర్యుడి లెక్కలో రాహుకాలం పది నుంచి పదకొండున్నర దాకా అన్నారు. ఏ లెక్క నిజమో తేలలేదు. రెండూ వదిలేస్తే పీడా పోతుందని పదకొండున్నరకి బయలుదేరాలని నిర్ణయించారు. ముప్ఫై ఏళ్ళు రైళ్ళు నడిపిన మనిషి నిర్ణయానికి ఎదురు చెప్పడం ఆ ఇంట్లో అలవాటు లేదు.

అంతవరకూ చేతులు ముడుచుకు కూర్చోవడం శేషమ్మగారి వల్ల కాదు. బండి కొన్నారో లేదో ఆమె అడగలేదు. వాకిట్లోకి చక్రాలున్నది వస్తే దానికి పూజ చెయ్యాలి, అంతే. ట్రైలర్ నుదుటి మీద పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. తలుపు మీద గంధంతో శ్రీకారం రాశారు. కొబ్బరికాయ కొట్టారు. రెండు చక్రాల ముందు రెండు నిమ్మకాయలు పెట్టారు. బండి కదిలినప్పుడు అవి నలిగితే దిష్టి పోతుంది, పూజ పూర్తవుతుంది.

అదే సమయానికి ఫోన్ మోగింది. కృష్ణమోహన్ కూతురు రేణు తీసింది. పదకొండేళ్ళ పిల్ల. అవతల జయంతి. అరోరా, నేపర్‌విల్ తెలుగు వాళ్ళ ఇళ్ళలో ఏం జరిగినా మిగతా అందరికీ చెప్పే బాధ్యత ఆమె చాలాకాలంగా నిస్వార్థంగా మోస్తోంది.

"మమ్మీ లేదామ్మా?"

"మమ్మీ బిజీ, ఆంటీ. బామ్మ క్యాంపర్‌కి పూజ చేస్తుంది."

"క్యాంపరా? ఎవరిది?"

"మా డ్రైవ్‌వేలో ఉంది, ఆంటీ. వెరీ బిగ్."

రేణు చెప్పిన దాంట్లో ఒక్క అబద్ధం లేదు. కానీ పూజ జరిగిందంటే కొన్నట్టే. కొని చెప్పలేదంటే పార్టీ ఎగ్గొడుతున్నట్టు. జయంతి పావుగంటలో పదకొండు ఇళ్ళకి ఫోన్ చేసింది.

పదింబావుకి మొదట నరసింహ వచ్చాడు. కృష్ణమోహన్ ఆఫీస్‌లోనే పనిచేస్తాడు. భార్య సుమతి చేతిలో స్వీట్ డబ్బా ఉంది.

"కంగ్రాట్స్ గురూ. మాకు ఒక్క మాట చెప్పలేదే."

"కొనలేదండీ. ట్రయల్‌కి తెచ్చాం. మండే డిసైడ్ చెయ్యాలి."

నరసింహ గట్టిగా నవ్వి అతని భుజం తట్టాడు. "ట్రయల్‌కి తెచ్చిన దానికి కొబ్బరికాయ కొడతారా ఎవరైనా? మా దిష్టేమీ తగల్దులే."

తరవాత వచ్చిన వాళ్ళకీ కృష్ణమోహన్ అదే నిజం చెప్పాడు. చెప్పిన కొద్దీ ఎవరూ నమ్మలేదు. నాలుగోసారికి అతనికే తన మాట మీద అనుమానం వచ్చింది. పదకొండున్నర అయ్యేసరికి నలభై మంది, పన్నెండు కార్లు వచ్చాయి. డ్రైవ్‌వే మూతి దగ్గర నుంచి వీధి మలుపు దాకా కార్లే. రాహుకాలం పోయింది. కృష్ణారావుగారు తువ్వాలు పట్టుకుని రోడ్డు వరకూ వెళ్ళి చూసి వచ్చారు.

"లైన్ క్లియర్ లేదురా," అన్నారు.

ఉష కొత్త బూట్లతో, భుజాన సంచితో మెట్ల మీద నిలబడి ఉంది. శేషమ్మగారు వచ్చి మెల్లిగా చెప్పారు.

"అమ్మాయ్, ఇంతమంది పెద్దమనుషులు శుభమా అని వచ్చారు. ఉత్తచేతుల్తో ఎలా పంపిస్తాం? నాలుగు డబ్బాల బియ్యం పడేసి పులిహోర కలిపితే సరిపోతుంది. ఓ కూర, ఓ పచ్చడి. ఎంతసేపు."

ఉష భర్త వైపు చూసింది. కృష్ణమోహన్ ట్రైలర్ మీది కుంకుమ బొట్ల వైపు చూశాడు. ఆమెకి ఏడుపొచ్చింది. వచ్చిన మాట నిజం, దాచడం ఎందుకు. సంచి కింద పెట్టింది, బూట్లు విప్పింది, వంటింట్లోకి వెళ్ళింది.

బయట ట్రైలర్‌కి మర్యాదలు సాగాయి. ప్రతివాళ్ళూ ఎక్కి, పరుపు నొక్కి, కుళాయి తిప్పి దిగారు. రామమోహన్ అనే ఆయన జూలై నాలుగో తారీకు వారానికి నయాగరా వెళ్ళడానికి బండి కావాలన్నాడు. ఆయన్ని చూసి ఇంకో ముగ్గురు తమ తేదీలు చెప్పారు. సుమతి వెంకటేశ్వరస్వామి వెండి రేకు పటం తెచ్చి, పొయ్యి పైన ఎప్పటికీ ఊడని జిగురుతో అంటించింది. కృష్ణమోహన్ వద్దనే లోపల అందరూ గోవిందా అన్నారు. స్వామిని వాల్ట్‌కి అప్పగించి రావడం ఎలాగో అతనికి అర్థం కాలేదు.

ఒంటిగంటన్నరకి భోజనాలయ్యాయి. ఎండ ముదిరింది. మగాళ్ళు పేకలు తీసుకుని, ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని చల్లగా ఉంటుందని బేస్‌మెంట్‌లోకి దిగారు. మూడు కావస్తుండగా రాక్‌ఫర్డ్ నుంచి ఇంకో మూడు కుటుంబాలు దిగాయి. వాళ్ళకి వార్త ఆలస్యంగా అందింది. పులిహోర అయిపోయింది.

"ఉషా," అని పిలిచారు శేషమ్మగారు.

పలకలేదు. రేణు మేడ మీద చూసింది, కృష్ణారావుగారు పెరట్లో చూశారు. మెట్ల దగ్గర విప్పిన కొత్త బూట్లు లేవు. కృష్ణమోహన్ వీధి మలుపు దాకా వెళ్ళి చూసొచ్చాడు. పన్నెండు కార్లు అడ్డంగా ఉన్నాయి, కారులో వెళ్ళే అవకాశం లేదు. ట్రైలర్ తలుపు లాగి చూశాడు, రాలేదు. పిల్లలు తొక్కేస్తున్నారని నాన్న తాళం వేసి ఉంటాడనుకున్నాడు.

వంటింట్లో గిన్నెలు కొండలా ఉన్నాయి. జయంతి కొంగు బిగించి, "పోనీ ఉప్మా నేను చేసేస్తా, జరగండి" అంది.

కృష్ణమోహన్ జరగలేదు. ఎందుకో ఆ క్షణంలో అతనికి ఆ బూట్లే కనబడ్డాయి.

"వద్దండీ. ఈ రెండు రోజులూ వంట నాదని మాటిచ్చాను."

ఈ మాట కింద బేస్‌మెంట్‌లోకి చేరడానికి నిమిషం పట్టలేదు. ఆడవాళ్ళు కుర్చీలు తెచ్చుకుని వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్నారు. నీళ్ళు ఒకటికి రెండు అన్నారొకరు, మూడన్నారు ఇంకొకరు. అతను ఇద్దరి మాటా మన్నించి అయిదు పోశాడు. శేషమ్మగారు ఆ దృశ్యం చూడలేక దేవుడి గదిలోకి వెళ్ళారు. మిరపకాయలు మాడుతున్నాయని పది గొంతులు చెబుతూనే ఉన్నాయి, కానీ అతను ఆవాలు వెతుకుతున్నాడు.

స్మోక్ అలారం మోగింది.

ఎల్లోస్టోన్ తెలిసిన రేణు అందరికంటే ముందు బయటికి పరిగెత్తింది. వెనకాలే యాభై ఏడుమంది డ్రైవ్‌వే మీదికి వచ్చి నిలబడ్డారు. ఆ మోతకి ట్రైలర్ లోపల గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. ఉష. జుట్టు చెదిరి ఉంది, చెంప మీద దిండు ముడతలు అచ్చు పడ్డాయి. భోజనాలయ్యాక మిగిలిన కాగితం ప్లేట్లు తిరిగి పెట్టడానికి ట్రైలర్‌లోకి వెళ్ళి, ఒక్క నిమిషం నడుం వాల్చి, గంటా ముప్పావు నిద్రపోయింది. కాళ్ళకి కొత్త బూట్లు అలాగే ఉన్నాయి.

"ఎవరు వండుతున్నారు?" అంది.

యాభై ఏడుమందీ పక్కకి తప్పుకుని కృష్ణమోహన్‌ని చూపించారు. అతని చేతిలో గరిటె ఉంది, వేలు కాలి ఉంది.

అలారం ఆగాక అతను ఆమెకి ఒక ప్లేట్ తెచ్చాడు. ట్రైలర్ మెట్టు మీద కూర్చుని తింది. ఉప్మా చారులా కదులుతోంది, మధ్యలో ఉండలు తగులుతున్నాయి.

"ఉప్పు లేదు," అంది.

"వేసుకొస్తా."

"వద్దు. కూర్చోండి."

అతను పక్కన కూర్చున్నాడు. ఆమె ఒక్క మెతుకు మిగల్చకుండా తినేసింది.

ఆదివారం పొద్దున్న కృష్ణమోహన్ కాఫీ తాగుతూ తన నిర్ణయం చెప్పాడు. పార్కుకి వెళ్ళే ఓపిక ఎవరికీ మిగల్లేదు. పైగా ట్రైలర్‌తో ఎక్కడికి వెళ్ళినా వంట తనదే అవుతుందన్న సంగతి అతనికి రాత్రి బోధపడింది.

"నువ్వన్నదే కరెక్ట్, ఉషా. మనకెందుకు ఇది. పసుపు కడిగి తిరిగిచ్చేస్తా."

"తీసుకుందాం," అంది ఉష.

"నువ్వే కదా వద్దన్నావు."

"అది వంటిల్లనుకున్నాను. ఈ ఇంట్లో ఏ తలుపు వేసుకున్నా రెండు నిమిషాలకి ఎవరో ఒకరు తడతారండీ. దాని తలుపు గంటా ముప్పావు ఎవరూ తట్టలేదు."

కృష్ణమోహన్ తండ్రి వైపు చూశాడు. కృష్ణారావుగారు పంచాంగం తీసి, సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం, గడియారం లెక్కన పది దాకా అనుకున్నా ఫోన్ పదింటి తరవాత చెయ్యమన్నారు. కొంటున్నామని వినగానే వాల్ట్ సంతోషించి ట్రిప్ ఎలా జరిగిందని అడిగాడు. చాలా బాగా జరిగిందని కృష్ణమోహన్ చెప్పాడు. ఎక్కడిదాకా వెళ్ళారని అడిగితే, దగ్గర్లోనే అన్నాడు.

ఇది జరిగి అయిదేళ్ళయింది. రామమోహన్ ఏటా జూన్‌లో ఫోన్ చేసి బండి అడుగుతాడు, బుక్ అయిపోయిందని ఉష ఏటా చెబుతుంది. ప్రతి శనివారం మధ్యాహ్నం ట్రైలర్ తలుపు లోపలి నుంచి గడియ పడుతుంది. ఆ పూట ఇంట్లో వంట కృష్ణమోహన్‌ది, ఇప్పుడు ఉప్పు కూడా వేస్తున్నాడు. శేషమ్మగారు చక్రాల ముందు పెట్టిన నిమ్మకాయలు మాత్రం ఎండి గట్టిపడ్డాయే తప్ప, ఇంతవరకూ నలగలేదు.